తివాచీలో ఆ చోటు

జమ్మలమడుగులో మా పక్కింటి అత్తను తలుచుకుంటే ఒకే మాట వినిపిస్తుంది: "ఆడొద్దు పాపా, ఈడ కూచో."

వాళ్ల హాల్లో ఎర్ర తివాచీ ఉండేది. ఎవరొచ్చినా అత్త గోడవార చోటు తప్పించి కూర్చోబెట్టేది. ఇంటికెదురుగా నాపరాళ్లు పాలిష్ పట్టే మిషన్లు. ఆ దుమ్ముకు తివాచీ బూడిదరంగుకు తిరిగింది. ఆమె భర్త పోయి నెల దాటినా దాన్ని దులపలేదు. ఓపిక లేదేమో అనుకున్నాను.

తాళం నాకిచ్చి ఆమె గండి గుడికి వెళ్లిన రోజు నేనే పూనుకున్నాను. తివాచీని పిట్టగోడ మీద బోర్లా వేసి, దుమ్ము లోపలికి దిగకుండా వెనకవైపు నుంచి కర్రతో కొట్టాను. ఉప్పునీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, నీడన ఆరేసి, మళ్లీ హాల్లో పరిచాను. మొత్తం కొత్తదానిలా ఎర్రగా తేలింది. నాకు మహా గర్వం.

అత్త వచ్చి గడపలోనే నిలబడిపోయింది. తర్వాత గోడవార కూర్చుని తివాచీని అరచేత్తో తడుముతూ ఉండిపోయింది.

"మీ మామ రోజంతా ఈడ్నే కూచొని పేపర్ చదివేటోడు. ఆయప్ప కూచున్నంత మేర దుమ్ము పడలా. అదొక్కటే ఎర్రగా ఉండె."

మర్నాడు వెళ్లి గోడకు దూరంగా ఒదిగి కూర్చోబోయాను. ఆమె నావైపు చూడకుండానే అంది:

"ఇంగ యాడైనా కూచో పాపా."