ఫుతింగ్ అంటే చేప

నకావ్ చేప తినదు. సముద్రం గుమ్మం దాకా వచ్చి పలకరించి పోయే ఊళ్లో, పిల్లలకు మాటలు రాకముందే ముల్లు ఏరుకోవడం వచ్చే ఊళ్లో, ఈ ముసలామె యాభై ఏళ్లుగా చేప ముట్టలేదు. ఊరివాళ్లు దీనికి సులువైన కారణమొకటి చెప్పి నవ్వుకునేవాళ్లు. ఆమె మొదటి మొగుడి పేరు ఫుతింగ్. తైవాన్ తూర్పు తీరపు అమిస్ తెగవాళ్ల మాటల్లో ఫుతింగ్ అంటే చేప. మొగుణ్ణి కొరికి తినడం ఇష్టంలేక మానేసిందని వాళ్ల వేళాకోళం. అది చెవిన పడితే నకావ్ వక్క నమిలిన ఎర్రటి ఉమ్మి పక్కకు ఊసి, "ఉన్నన్నాళ్లూ కొరుక్కు తిన్నాగా, ఇంకేం మిగిల్చానని" అనేది.

అసలు సంగతి వేరు. ఇంట్లో మనిషి పోతే, ఆ మనిషితో కలిసి ఈడొచ్చిన జట్టువాళ్లంతా ఏటికో సముద్రానికో పోయి చేపలు పట్టుకొచ్చి ఆ ఇంటివాళ్లతో కలిసి తినాలి. ఆ చేప తిన్న రోజుతో ఏడుపు అయిపోయినట్టు. అందాకా ఆ ఇంట్లో చేప వండరు. ఫుతింగ్ కోసం ఆ చేప ఇంకా ఎవరూ పట్టలేదు. పట్టనిచ్చింది కాదు నకావ్. తన మొగుడు ఎలా పోయాడో ఎవరైనా నిజం చెప్పేదాకా పోయినట్టు ఒప్పుకోనని ఆమె పంతం.

నిజానికి ఫుతింగ్ అంత పంతం పట్టవలసిన మొగుడేమీ కాదు. ఆ ఊళ్లో ఇల్లు ఆడదానిది. మగవాడు ఒక కత్తీ ఒక దుప్పటీ చంకన పెట్టుకుని అత్తారింటికి వచ్చి అక్కడే ఉండిపోతాడు. అందరూ ఇల్లరికపు అల్లుళ్లే కాబట్టి ఒకరిని చూసి ఒకరు నవ్వడానికి లేదు. కాకపోతే పిల్లనిచ్చే ముందు అత్తగారు కుర్రాడి పనితనం చూస్తుంది. కట్టెలు కొట్టుకు రమ్మంటే ఫుతింగ్ పొద్దున పోయి చీకటి పడ్డాక వచ్చేవాడు. తెచ్చిన మోపులో సగం పుచ్చు కట్టెలే. నకావ్ తల్లి మోపును కాలితో ఒక తన్ను తన్ని, "ఈ పనికి కూడా ఇంతసేపా" అనేది. పెళ్లయ్యాక కూడా ఆ మాట మానలేదు. నీళ్లు తెచ్చినా, పంది దొడ్డి కడిగినా, చివరికి అన్నం తిన్నా ఇంతసేపా అనే అనేది. ఫుతింగ్ వెనక్కి తిరిగి అత్తగారి నడకను అనుకరించి చూపించేవాడు. నకావ్ నవ్వు ఆపుకోలేక పొయ్యి దగ్గరకు పారిపోయేది. అంతటి అందగాడూ కాదు, పనిమంతుడూ కాదు. నవ్వించేవాడు, అంతే. ఆమెకు అది చాలింది.

అప్పుడు తైవాన్‌లో జపాను వాళ్ల రాజ్యం. కొండల్లోనూ ఈ తూర్పు తీరంలోనూ ఉన్న తెగల కుర్రాళ్లు అడవిలో పిల్లుల్లా తిరుగుతారని ఎవరో పెద్దవాళ్లకు తోచింది. ఠాణా ముందు అందరినీ వరసగా నిలబెట్టి, ఇష్టపడి యుద్ధానికి వచ్చేవాళ్లెవరని అడిగారు. ఠాణా ముందు నిలబెట్టి అడిగితే రానని ఎవరంటారు? ఫుతింగ్‌కూ, అతని జట్టువాడు కచావ్‌కూ కొత్త పేర్లు పెట్టి, కొత్త బూట్లిచ్చి, దక్షిణాన ఎక్కడో అడవుల దీవులకు ఓడ ఎక్కించారు. యుద్ధం ముగిశాక నకావ్ ఇంటికి తెల్లగుడ్డ చుట్టిన చిన్న పెట్టె వచ్చింది. ఊపి చూస్తే గలగలమంది. విప్పితే లోపల ఎముకలకు బదులు గులకరాయి. ఆమె ఆ రాయిని పారెయ్యలేదు. పళ్లు ఊడిపోయాక వక్కలు నలగ్గొట్టుకోవడానికి అది బాగా పనికొచ్చింది.

కచావ్ మాత్రం బతికి వచ్చాడు. ఎముకల గూడులా వచ్చి, ఆర్నెల్లు తిని తాగి మనిషయ్యాక, చేపలు పడతాను వదినా అని నకావ్ ఇంటికొచ్చాడు. మొగుడెలా పోయాడో చెప్పమంది. బాంబు పడిందన్నాడు. కళ్లలోకి చూసింది. కచావ్ కళ్లు పొయ్యి మీదికి మళ్లాయి. వలతో సహా గుమ్మం దాకా తరిమింది. మరుసటేడు కోతల పండుగకు మళ్లీ వచ్చి, జపాను దొరను కాపాడబోయి తూటాకు అడ్డం పడ్డాడన్నాడు. ఆ తర్వాతి ఏడు మొసలి మింగిందన్నాడు. ఇంకో ఏడు సారా ఎక్కువై, తెల్ల సైనికులను పదిమందిని ఒంటిచేత్తో నరికి మరీ పోయాడని చెప్పాడు. పుచ్చు కట్టె కూడా సరిగ్గా నరకలేని మనిషి పదిమందిని నరికాడంటే నకావ్ ఎలా నమ్ముతుంది? పాపం కచావ్‌కు అబద్ధం చెప్పడం రాదు. కిందటేడు చెప్పింది గుర్తుండక ప్రతి ఏడూ కొత్తగా చంపుతూ వచ్చాడు.

ఈ మధ్యలో నకావ్ ఇంకొకణ్ణి కూడా ఇంట్లోకి తెచ్చుకుంది. మంచివాడే, పనిమంతుడు కూడా. ఒకరోజు ఆమె పొలానికి పోయినప్పుడు ముచ్చటపడి ఇంట్లో చేపల పులుసు కాచాడు. ఆమె తిరిగొచ్చి, కుండనూ అతని కత్తినీ దుప్పటినీ వరసగా గుమ్మం బయట పెట్టింది. ఆ ఊళ్లో విడాకులంటే అంతే, మాట్లాడే పని ఉండదు. పులుసు బాగుందని మాత్రం పక్కింటివాళ్లు చెప్పారు.

జట్టువాళ్లు ఒక్కొక్కరే పోయారు. చివరికి కచావ్ ఒక్కడే మిగిలాడు. అతడూ పోతే ఫుతింగ్ చేప పట్టేవాడే ఉండడని, నిజం కూడా అతనితోనే మట్టిలోకి పోతుందని నకావ్‌కు తెలుసు. పైకి మాత్రం తగ్గేది కాదు. కానీ ఏ ఇంట్లోనైనా చావుడప్పు వినిపిస్తే ముందు కచావ్ ఇంటివైపు చూసేది. అతని వాకిట్లో పొగ కనిపిస్తే ఊపిరి తీసుకునేది.

అలాంటి రోజుల్లో ప్రభుత్వానికి పోయినవాళ్లు గుర్తుకొచ్చారు. బడి పక్కన నల్లరాతి పలక ఒకటి నిలబెట్టి, పందిరి వేసి, పంది మాంసం ఉడకబెట్టి, ముసలాళ్లందరినీ కుర్చీల్లో కూర్చోబెట్టారు. పలక మీద అన్నీ జపాను పేర్లే. ఏదో మోరియామా అని చదివి, ఇదే మీ ఆయన పేరని చెబితే, అలాంటివాణ్ణి మా ఇంట్లో ఎప్పుడూ చూడలేదే అంది నకావ్. ఒక కుర్ర అధికారి మైకు పట్టుకుని, వీళ్లంతా వీరమరణం పొందారని గొంతు వణికిస్తూ చదివాడు. అతని తప్పేం లేదు, రాసిచ్చింది చదివాడు. నకావ్ కర్ర ఊతంతో లేచి నిలబడింది.

"నాయనా, నువ్వు చదువుకున్నావు. ఆ వీరమరణం అంటే ఎట్టా పోయాడు మా ఆయన? నిలబడా, కూచునా?"

కుర్రవాడు కాగితంలో వెతుక్కున్నాడు. అంతలో వెనక వరసలోంచి ఎవరో ముక్కుతో బుర్రుమని నవ్వారు. ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక, దగ్గు తెచ్చుకుని కూడా నవ్వుతున్నది కచావ్. నవ్వుతూనే అతని కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. నకావ్ అందరి మోకాళ్లూ తొక్కుకుంటూ పోయి, అతని చొక్కా పట్టుకుని మాంసం ఉడికే పొయ్యి వెనక్కి లాక్కుపోయింది.

"కూచునే వదినా," అన్నాడు కచావ్.

అప్పుడు చెప్పాడు. బాంబూ లేదు, తూటా లేదు. తిండి లేక ఆకులూ వేళ్లూ నమిలి అడవిలో పడి నడుస్తున్నారు. ఫుతింగ్‌కు విరేచనాలు పట్టుకున్నాయి. జోరున వాన. చెట్టు వెనక్కి పోయి కూచున్నవాడు ఎంతకీ లేవలేదు. కచావ్ వెళ్లి చూస్తే చెట్టుకు ఆనుకుని ఉన్నాడు, లాగు మడమల దగ్గరే ఉంది. ఇంకా మాట ఉంది.

"ఇట్టా పోయానని నకావ్‌కి చెప్పకురా, ఊరంతా నవ్వుతారు, ఏదన్నా పెద్దది చెప్పు అన్నాడు. ఒట్టు వేయించుకున్నాడు వదినా. నాకేమో పెద్దవి చెప్పడం చాతకాకపోయె."

"ఇంకేం అన్నాడు?"

కచావ్ చొక్కా చేత్తో ముక్కు తుడుచుకున్నాడు.

"అత్త చూస్తే ఈ పనికి కూడా ఇంతసేపా అంటదిరా అన్నాడు. అని నవ్వాడు. నేనూ నవ్వాను. మళ్లీ చూస్తే లేడు."

పొయ్యిలో కట్టె చిటపటమంది. ఇన్నేళ్లూ విన్న చావుల్లో ఒక్కదాంట్లోనూ ఫుతింగ్ లేడు. ఇందులో ఉన్నాడు. అమ్మ మాటతో సహా ఉన్నాడు. ఆమెకు మొదట నవ్వొచ్చింది, పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపులోకి తిరిగిందో ఆమెకే తెలియలేదు. దానికి సిగ్గుపడలేదు కూడా. చేత్తో ముఖం తుడుచుకుని, ఇంట్లో వల ఉందా అని అడిగింది.

ఊళ్లో కుర్రాళ్లు పడవలో పోయి బుట్టెడు తెస్తామన్నారు. వద్దంది. జట్టువాడి చేత్తోనే పట్టాలి. మర్నాడు పొద్దున్నే కచావ్ ఏటి మొగలో మోకాలి లోతులో నిలబడి, విసురు వల విసిరాడు. వల చాపలా విచ్చుకోవలసింది ముద్దగా పడుతోంది. నకావ్ ఒడ్డున పొయ్యి పెట్టుకుని, పక్కన జిగురన్నం బుట్ట పెట్టుకుని కూచుంది. ఎండ నెత్తికెక్కింది.

"ఒక్క చేపకి ఇంతసేపా," అని అరిచింది.

అరిచాక తనే నోరు మూసుకుంది. అచ్చం అమ్మ గొంతు.

చివరికి బెత్తెడు చేప ఒకటి పడింది. ఒంటినిండా ముళ్లే, కండ తక్కువ. ఎవరూ కొనని రకం. అచ్చం మా ఆయనే అంది నకావ్. ఉప్పునీళ్లలో ఉడికించి, సగం కచావ్‌కు పెట్టి, సగం తను నోట్లో వేసుకుంది. యాభై ఏళ్ల తర్వాత నాలుక ముల్లు ఏరడం మరిచిపోయింది. గొంతులో గుచ్చుకుంది. కళ్లు నీళ్లతో నిండాయి.

"చూశావా, ఇన్నాళ్లకి ఇల్లు చేరి కూడా గొంతుకి అడ్డం పడ్డాడు."

కచావ్ గబగబా జిగురన్నం ముద్ద చేసి, నమలకుండా మింగు వదినా, ముల్లు దిగిపోద్ది అని అందించాడు. నకావ్ అతని చేతిని పక్కకు నెట్టింది.

"ఉండనీ కాసేపు," అంది.