మడమతో చూసిన స్టేడియం

ఎవరైనా అంతర్జాతీయ స్థాయి స్టేడియం అంటే నాకు మా కాలేజీలో ఆటలు నేర్పే పి.డి. గారి మడమే గుర్తొస్తుంది. ఏ గ్రౌండ్‌కి వెళ్లినా ముందు చెప్పులు విప్పి, నేలను మడమతో గట్టిగా నొక్కి చూసేవారాయన.

పిల్లలంతా క్రికెట్ బ్యాట్లు మూలపడేసి ఫుట్‌బాల్ వెంట పడడంతో పాలకొల్లు దగ్గర మా ఊళ్లోనూ కొత్త స్టేడియం వెలిసింది. మా కాలేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ ఫైనల్ అక్కడే జరగాలని ప్రిన్సిపాల్‌గా పట్టుబట్టింది నేనే. ముందురోజు పి.డి. గారూ నేనూ చూడ్డానికి వెళ్లాం.

"వరల్డ్ కప్పయినా పెట్టేయొచ్చండి," అంటూ ఇంజినీరుగారు గ్యాలరీ చూపించారు.

పి.డి. గారు మడమతో నేలను నొక్కారు. నీళ్లు ఊరాయి.

"వానొస్తే నీళ్లెటు పోతాయండి?"

"ఆడేది మ్యాచ్ మాస్టారూ, వరి ఊడ్పులు కాదు."

"ఊడ్పులకైతే బ్రహ్మాండంగా ఉందండి. మా పిల్లల మోకాళ్లకే బాగోలేదు."

కిందటేడు ఇలాంటి బురదలోనే మా గోల్‌కీపర్ మోకాలు మెలిపడింది. ఆ అమ్మాయి మళ్లీ ఆడలేదు.

"మరి మన కాలేజీ గ్రౌండ్‌లో పెడితే ముఖ్య అతిథి ఎక్కడ కూర్చుంటారండీ?" అని నేను పి.డి. గారి మీద గొంతు పెంచాను.

"నిలబడతారు మేడమ్. ఆట చూడ్డానికేగా వచ్చేది!"

ఫైనల్ మా కాలేజీ ఇసుక నేల మీదే జరిగింది. ముఖ్య అతిథితో సహా ఊరంతా ఎండలో నిలబడి చూసింది. మేం ఓడిపోయాం. దెప్పుదామని వెళ్లేసరికి, పి.డి. గారు పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి ఒక్కొక్కరి మోకాలూ తడిమి చూస్తూ, కప్పు గెలిచిన మనిషిలా నవ్వుతున్నారు.