పావడా మీద తుప్పు చుక్కలు

జపానోళ్ళతో యుద్ధం అయిపోయి మా ఆయన ఇంటికి వచ్చిన రెండో నెలలో నేను నెల తప్పాను. పెళ్ళయిన ఏడాదికే మిలిటరీ లారీ తోలడానికి అస్సాం వెళ్ళినవాడు మూడేళ్ళకు తిరిగి వచ్చాడు. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. కడుపుతో ఉన్నానన్న సంతోషం ఇంకా వంటబట్టకముందే దురద మొదలైంది. చెప్పుకోలేని చోట.

పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర మా ఇల్లు. నా అవస్థ కనిపెట్టి మా అత్త, "సున్నం దుమ్ము పడ్డదేమోనే. లేకపోతే వేడి చేసుంటది," అంది. వేపాకు కాచిన నీళ్ళు పోసుకున్నాను, పసుపు రాసుకున్నాను. ఏ మాత్రం తగ్గలేదు. పొద్దుగూకితే మరీ ఎక్కువయ్యేది.

ఒకరోజు బట్టలు ఉతుకుతుంటే తెల్ల పావడా లోపలివైపు ఇనుప తుప్పు రాలినట్టు సన్నటి చుక్కలు కనిపించాయి. ఇంట్లోకి పోయి తలుపు వేసుకుని చూసుకున్నాను. తొడల మీద అక్కడక్కడా నీలం మచ్చలు. నొక్కితే నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మా వీధిలో ఒకామె ఉండేది. భర్త తెచ్చిన సవాయి అనే సుఖరోగం ఆమెకూ అంటుకుంది. దాని మచ్చలకూ నొప్పి ఉండదని విన్నాను. ఇద్దరు బిడ్డలు కడుపులోనే పోయారు. ఆమె నీళ్ళు తోడుకుని వెళ్ళేదాకా మిగతా ఆడవాళ్ళు బావి దగ్గరికి వచ్చేవాళ్ళు కాదు. నేనూ అట్లా ఎడంగా నిలబడ్డదాన్నే. ఇప్పుడు చెయ్యి దానంతట అదే పొట్ట మీదికి పోయింది.

మా ఆయన్ని అడగలేదు. అడిగితే నిజం చెబుతాడేమోనని భయం. "కడుపు చూపించుకుంటానత్తా," అని చెప్పి ఆమెను వెంటబెట్టుకుని నరసరావుపేట రైలెక్కాను. దారంతా ఆమె ఏదో మాట్లాడుతూనే ఉంది, నాకొక్క ముక్కా చెవికెక్కలేదు.

ఆసుపత్రిలో అత్త వరండాలోనే కూచుంది. లోపల డాక్టరమ్మ నడివయసు మనిషి. నేను ఏడుపు మొదలుపెడితే, అదయ్యేదాకా ఆగింది. పరీక్ష బల్ల మీద పడుకోబెట్టి, కిటికీ దగ్గరి వెలుతురులో భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. చిన్న పట్టకారుతో ఏదో పీకి తెల్లకాగితం మీద పెట్టింది.

"లేచి చూడమ్మా."

నువ్వుగింజ కంటే చిన్నది. భూతద్దంలో చూస్తే గుండ్రటి ఒళ్ళు, కొక్కేల్లాంటి కాళ్ళు, అచ్చం ఎండ్రకాయ. అది మెల్లగా కదిలింది.

"సవాయి కాదా అమ్మా?"

"ఇవి పేలు."

"నా తలలో ఒక్క పేను లేదమ్మా!"

"తలపేలు వేరు. ఇవి కింద వెంట్రుకలు పట్టుకుని బతుకుతాయి, వాటి మొదళ్ళలో ఈపులు పెడతాయి. నెత్తురు తాగుతాయి. ఆ చుక్కలు వాటి రెట్టా, నీ నెత్తురూ. నీలం మచ్చలు అవి కుట్టిన చోట్లు."

"ఎట్టొచ్చినయ్యమ్మా?"

ఆమె చేతులు కడుక్కుంటూ చెప్పింది. "ఒంటికి ఒళ్ళు తగిలితే వస్తాయి. ఒకరి పక్కబట్టలు ఇంకొకరు వాడితే కూడా ఎప్పుడన్నా రావచ్చు. శుభ్రం లేక వచ్చేవి మాత్రం కాదు."

బిడ్డకు వీటివల్ల ప్రమాదం లేదంది. నేను ఊపిరి పీల్చుకునేలోపే, "కానీ ఇవి వచ్చిన దారినే వేరే జబ్బులూ వస్తాయి. పరీక్షకు నెత్తురు గుంటూరు పంపాలి. మీ ఆయన్ని కూడా తీసుకురా," అంది.

వరండాలో అత్త, "ఏమందే?" అని ఆత్రంగా అడిగింది.

"బిడ్డ బాగుందంట."

మర్నాడు అత్త బట్టీ పనికి పోయాక, దుప్పట్లు, బట్టలు గంగాళంలో వేసి ఉడకబెడుతున్నాను. మా ఆయన వచ్చి నిలబడ్డాడు.

"ఏందయ్యా, నీకూ దురదేనా?"

తలదించుకున్నాడు. "క్యాంపులో దుప్పట్ల నుంచి వచ్చిందేమోనే."

"దుప్పట్ల మీదికి తొయ్యమాక. నా కడుపులో బిడ్డుంది."

పొయ్యి ముందు కూలబడ్డాడు. "తప్పయిపోయిందే. అది ఇంటికి తెస్తానని అనుకోలా," అన్నాడు. ఎన్నిసార్లు, ఎవరితో అని అడగలేదు. నాకు ఆ నెత్తురు సంగతి ఒక్కటే కావాలి.

ఆయనా వెళ్ళి నెత్తురు ఇచ్చి వచ్చాడు. ఇద్దరం వెంట్రుకలు తీసేసి, డాక్టరమ్మ ఇచ్చిన గంధకం మందు రాసుకున్నాం. దురద తగ్గిపోయింది. భయం తగ్గలేదు. కబురు కోసం చూసిన ఆ పది రోజులూ అన్నం సహించలేదు. బావి దగ్గర ఎవరు నా వైపు చూసినా తెలిసిపోయిందేమో అనిపించేది. ఒకరోజు ఆ వీధి ఆమె ఒంటరిగా నీళ్ళు తోడుతుంటే వెళ్ళి పక్కనే బిందె పెట్టాను. ఆమె ఆశ్చర్యంగా చూసి, తన చేద నాకిచ్చింది.

పదకొండో రోజు ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ కాగితాలు రెండూ చదివి, "ఇద్దరికీ ఏమీ లేదు," అంది. నేను అక్కడే నేల మీద కూచుండిపోయాను. మా ఆయన లేపబోతే చెయ్యి విదిలించాను.

నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది, పండులాగా ఉంది. పిల్లకు ఏడాది నిండేదాకా ఆయన పడక వసారాలోనే. మా అత్త ఎందుకని ఎన్నిసార్లు అడిగినా మేమిద్దరం చెప్పలేదు.