వ్యాను వెనక కొక్కెం

మా వ్యాను కొన్న మొదటి వారంలోనే దాని వెనక ఒక ఇనప కొక్కెం వెల్డింగు చేయించాను. ఇంటిల్లిపాదీ కూర్చుని పెళ్లిళ్లకు, గుళ్లకు పోవడానికి కొన్న బండి అది. మా కోయంబత్తూరు అంగడి వీధిలో ఒట్టి సుఖం కోసం ఎవరూ అంత డబ్బు పెట్టరు. పెట్టానన్న గుబులు నన్ను తింటూనే ఉండేది. కిరాణా అంగట్లో పెరిగినవాణ్ణి. ఖాళీ గోనెసంచిని కూడా ఊరికే పడి ఉండనిచ్చే ఇల్లు కాదు మాది. కొక్కెం ఉంటే దారిలో ఆగిపోయిన బండ్లను లాగవచ్చు, పెట్రోలు ఖర్చయినా వస్తుంది. వెనక సీటు కింద ఒక చేంతాడు చుట్టి పెట్టుకున్నాను. పట్టుచీరల వాళ్లంతా లోపల కూర్చుని ఉంటే, వెనక ఎవరిదో ఆటో ఊగుతూ వచ్చేది. నా భార్య తల దించుకునేది. నేను అద్దంలో చూసి మురిసిపోయేవాణ్ణి.

ఒక ఆయుధ పూజనాడు ఉడుమలైపేట నుంచి మేమిద్దరమే తిరిగి వస్తున్నాం. ఊరు ఇంకా పది మైళ్లుంది. రోడ్డు పక్కన ఒక పాత కారు ఆగిపోయి ఉంది. అరవయ్యేళ్ల ఆవిడ, ఆమె కొడుకు చేయి ఎత్తారు. డిక్కీలో కాలిపోయిన బావి మోటారు.

కొడుకు అరవంలో సంగతి చెప్పాడు. వానలు లేవు. చేలో చిన్న ఉల్లిపైరు గడ్డ ఊరే సమయంలో మోటారు కాలి నాలుగు రోజులైంది. ఊరి మొదట్లో మోటార్లు బాగుచేసే వైండింగు అంగడివాడు దీన్ని తీసుకుని, తన దగ్గరున్న వేరే మోటారు వాడుకోవడానికి ఇస్తానన్నాడట. కానీ ఐదు గంటలకు అక్కడ పూజ. పూజలో పెట్టిన యంత్రాన్ని మా వైపు ఎవరూ కదిలించరు. ఆ అంగడివాడు మళ్లీ సోమవారమే దాన్ని ముట్టుకుంటాడు. అప్పటికి ఉల్లి ఉండదు.

గిరాకీ ఎదుట ధర తేల్చుకోవలసి వస్తే మేము ఇంటిభాషలోకి దిగిపోతాం. చుట్టూ అరవం కాబట్టి అది గోడ చాటున మాట్లాడుకున్నట్టే. నా భార్య అలాగే తెలుగులో అంది:

“ఇదో, ఆ మోటారునొకటే ఎత్తి మన వండిలో ఏసుకోండి. అరగంటలో దించేస్తాము. కారు ఈడనే ఉండనీ.”

“ఉండుమే. మోటారు ఎత్తుకుంటే ఉపకారం. ఉపకారానికి రేటు అడిగేకి అవుతుందా? కారు లాగితేనే బాడుగ.”

ఆవిడ కిటికీ పక్కనే నిలబడి ఉంది.

నేను అరవంలో రేటు చెప్పాను. కొడుకు సగానికి అడిగాడు. నేను వ్యాను స్టార్టు చేశాను.

“అట్లే ఇడిసిపెట్టి పోతారా?” అంది నా భార్య.

“పోను. ముందర టీ అంగడి కాడ నిలుస్తాను. రేటు కుదరక పొయ్యేవాళ్లను మనం అంగట్లోనుంచి పిలుస్తామే, అట్ల వాళ్లే పిలుస్తారు చూడు.”

“ఏం పెట్టుకోని వచ్చి పిలిచేది? వాళ్ల వండి నడిస్తే మీ మొగం ఎందుకు చూస్తారు?”

మాట సరైనదే. అయినా టీ తాగాను. పిలుపు రాకపోతే రెండోది కూడా తాగాను. ఎక్కడో మిల్లులో నాలుగు గంటల సైరను సంగు ఊదింది. అప్పుడు అద్దంలో కొడుకు కనిపించాడు, చొక్కా తడిసి ముద్దయి, ఎండలో పరుగెత్తుకుంటూ. నా రేటుకే ఒప్పుకున్నాడు. గెలిచిన సంబరంలో వెనక్కి పోయి చేంతాడు నేనే ముడివేశాను.

కొడుకు కారు స్టీరింగు పట్టుకున్నాడు. ఆవిడ మా నడిమి సీట్లో కూర్చుంది. నా చిన్న వ్యాను ఆ బరువుకు మూలుగుతూ ఎద్దుబండిలా నడిచింది. నేను దారి పొడుగునా నోరు మూయలేదు.

“ఇంకా పట్టు పట్టుంటే ఇంకా ఇచ్చుండును. ఉల్లి మీద ప్రాణం పెట్టుకోనుండారే!”

“చాలు, రోడ్డు చూడండి,” అని నా భార్య నా చేయి గిల్లింది. ఆవిడ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

మేము చేరేసరికి కర్పూరం వాసన బయటికి వస్తోంది. సుత్తులు, పట్టకార్లు అరటాకు మీద వరసగా ఉన్నాయి. వాటి పక్కన, వాడుకోవడానికి ఇస్తానన్న ఆ మోటారు, గంధం బొట్లతో, చామంతి దండతో. పావుగంట ముందు వచ్చి ఉంటే ఎత్తి ఇచ్చేవాణ్ణే అని అంగడివాడు నొచ్చుకున్నాడు. నేను ముందుకు తోసుకుని పోయి నాకు తెలిసిన బేరమంతా ఆడాను. అతను నావైపు కాక ఆ దండవైపు చూశాడు. తరువాత మా చేతుల్లో పూజ ప్రసాదం మరమరాలు పోశాడు.

కొడుకు గడప మీద కూలబడ్డాడు. ఆవిడ కొంగుముడి విప్పి, ఒప్పుకున్న బాడుగ తీసి నాకిచ్చింది. నా చేయి, అది నాకంటే ముందు అంగట్లో పుట్టినట్టుంది, తనంతట తానే చాపుకుని తీసుకుంది. అప్పుడు ఆవిడ నా భార్యవైపు తిరిగింది.

“నీ మాట ఇనుంటే సరిపోయుండును తల్లీ. మోటారునొకటే ఏసుకోనుంటే ఎప్పుడో వచ్చుందుము.”

తెలుగు. మా ఇంట్లో తెలుగే.

నా భార్య ఆమె చేయి పట్టుకుంది. “మీరు మనవాళ్లా? ఒక మాట చెప్పకపోతిరే!”

“మనవాళ్లమని చెప్పి రేటు తగ్గించమనేకి సిగ్గయింది,” అందామె.

నేను డబ్బు వెనక్కి ఇవ్వబోయాను. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. ఎంత బతిమాలినా తీసుకోలేదు. అంతమంది గిరాకీలను లొంగదీసినవాణ్ణి, ఆ ఒక్క బేరం కుదుర్చుకోలేకపోయాను.

సోమవారం తెల్లవారగానే అంగడివాడి దగ్గర ఆ మోటారును వ్యానులో వేసుకుని, దారి అడుగుతూ వాళ్ల ఊరికి నేనే పోయాను. మోటారు దించాక ఆమె నన్ను చేలోకి తీసుకుపోయింది. ఉల్లికాడలు కొసలనుంచి మొదలుదాకా ఎండి వాలిపోయి ఉన్నాయి. ఒకటి పెరికి నా అరచేతిలో పెట్టింది. గడ్డ శనగగింజంత ఉంది. ఎన్ని మూటల ఉల్లిని నొక్కి చూసి, సొట్టలు వెతికి, ధర విరిచిన వేళ్లు నావి. దాన్ని నొక్కడానికి మనసు రాలేదు.

“ఇంక ఊరదు. పక్క మడికన్నా నీళ్లు కడతాము,” అని కొడుకును కేకేసింది. తరువాత నావైపు తిరిగి, వెటకారం లేకుండా, మామూలుగా అడిగింది:

“ఇంత దూరం తెచ్చిచ్చినావు. బాడుగ ఎంత నాయనా?”