ఎత్తు లైను మీద బిళ్ళ

నవ్వుకుంటే నవ్వుకోండి. నా పిల్లల మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు.

ఇప్పుడందరూ మెట్రో, మెట్రో అంటున్నారు గానీ, గాల్లో నడిచే రైలు విశాఖలో మేం ఎప్పుడో చూశాం. స్టీల్ ప్లాంటుకి ఇంకా పునాదులు తవ్వుతున్న రోజులు. పోర్టుకి ఇనుప ఖనిజం మోసే లైను ఒకటుండేది. కింద బురద నేల కావడంతో స్తంభాల మీద ఎత్తుగా వేశారు. పైన కంకర ఉండదు. స్లీపర్ల సందులోంచి చూస్తే కింద నల్లటి నీళ్ళు. రైలొస్తే తప్పుకోవడానికి అక్కడక్కడా ఒక మనిషి పట్టేంత గూళ్ళు, అంతే.

వానాకాలం రాత్రుళ్ళు ఆ లైను నడిచి చూడటం మా పని. ఈ చివర నుంచి నేను, ఆ చివర నుంచి మా అక్క మొగుడు అప్పలనాయుడు. మధ్య గూడు దగ్గర కలుసుకుని, ఇద్దరం ఇత్తడి బిళ్ళలు మార్చుకోవాలి. తెల్లారి అవతలివాడి నంబరు బిళ్ళ చూపిస్తేనే మనం నడిచినట్టు లెక్క.

ఆ రోజు మనుషులు తక్కువై నన్ను పగలు కూడా పనిలో వేశారు. సాయంత్రం పక్కింట్లో ఉండే అక్క క్యారేజీ ఇస్తూ, "మీ బావకి రెండ్రోజులయి నిద్దర్నేదురా సింహాచలం. కాస్త సూసుకో" అంది. నా కళ్ళే మూతలు పడుతుంటే ఆయన్నేం చూసుకుంటాను? విసుక్కున్నాను.

సన్నగా వాన... కాళ్ళు ఈడ్చుకుంటూ మధ్య గూడు చేరాను. బావ ఇంకా రాలేదు. కూర్చోకూడదని తెలుసు... కూర్చున్నాను.

రెప్ప వాలిందో లేదో చెప్పలేను.

ఠంగ్...

పట్టా మీద ఇనుము కొట్టిన చప్పుడు. మళ్ళీ... ఠంగ్.

కళ్ళు తెరిచాను. లాంతరు ఆరిపోయి ఉంది. ఎదురుగా ఎవరూ లేరు. నా కుడి గుప్పిట మాత్రం బిగుసుకుని ఉంది. మెల్లగా... ఒక్కో వేలూ విప్పాను.

బిళ్ళ. వెచ్చగా ఉంది. వానలో తడిసింది చల్లగా ఉండాలి కదా... నంబరు తడిమి చూశాను. నాది కాదు. బావది.

అంతలో పట్టాలు సన్నగా మూలిగాయి. ఖనిజం బండి! గూట్లో వెనక్కి అతుక్కుపోయాను. పెట్టె వెనక పెట్టె... బావ ఉండాల్సిన వైపే వెళ్ళిపోయింది. "బావా!" అని అరిచాను.

చీకట్లో పట్టా తడుముకుంటూ, దాదాపు పాకుతూ, ఆ చివరికి పోయాను. అక్కకి ఏం చెప్పాలి? ఆ ఒక్క ఆలోచనే. చివర గుడిసెలో బావ మోకాళ్ళు కావలించుకుని వణుకుతున్నాడు. నాకు ఏడుపొచ్చేసింది.

"ఏటి బావా, రానేదేటి?"

"పట్టా మీద కూకున్నాన్రా. అలాగే నిద్దరట్టేసింది. నువ్వొచ్చి బుజం తట్టకపోతే ఈపాటికి..."

"నానా? నాను మద్ది గూడు దాటనేదు!"

"ఏటి ఎటకారాలా? నా బిళ్ళట్టుకెళ్ళి నీది నా సేతిలో ఎట్నేదా?"

గుప్పిట విప్పాడు. అది నా బిళ్ళే.

"మొకం సూసినావా బావా?"

"ఈపే సూసినాను. లాంతరు నేకుండా నడిసిపోతన్నావు. పడిపోతావురా అని అరిసినాను... తిరగనేదు."

నేనే వెళ్ళానేమో. నిద్రలోనే లేచి, దీపం లేకుండా, ఆ సందుల మీద కాలు తప్పకుండా వెళ్ళి వచ్చానేమో. లాంతరు పట్టుకుని, మెలకువగా ఉండి కూడా నేను కాలు జారిన దారి అది. లేకపోతే... నాకు తెలీదు.

అక్క బతికున్నన్నాళ్ళూ చేపల కూర వండితే మంచి ముక్క నా కంచంలోనే వేసేది. "నా పసుపుకుంకాలు నిలబెట్టినోడు" అనేది. నేను కాదేమో అక్కా అని చెప్పబోయి, ఊరుకునేవాణ్ణి. తింటున్నంతసేపూ మాత్రం... ఎవరికో దక్కాల్సిన ముక్క నేను తింటున్నాననిపించేది.