తొమ్మిది మిషన్లు, ఒక రాగి పోగు

మౌలాలిలో మా ఇంట్లో మనుషులం ముగ్గురం, పిన్‌బాల్ మిషన్లు తొమ్మిది. పిన్‌బాల్ ఎరగనివారికి ఒక్క ముక్కలో చెబుతాను. సింగిల్ మంచమంత బల్ల, కాస్త వాలుగా ఉంటుంది. పైన అద్దం, అద్దం కింద దొర్లే ఉక్కు గోళీ. అది కిందికి జారిపోకుండా రెండు పక్కలా బటన్లు నొక్కాలి. నొక్కితే లోపల రెండు రెక్కలు లేచి గోళీని పైకి తంతాయి. గంటలు మోగుతాయి, దీపాలు వెలుగుతాయి, అంకెలు తిరుగుతాయి. ఒకప్పుడు క్లబ్బుల్లో ఉండేవి. ఇప్పుడు గోదాముల్లోనూ మెట్ల కిందా దుమ్ములో దొరుకుతాయి. అలా దొరికినవాటిని ఇంటికి తెచ్చి బాగుచేయడం అప్పట్లో నా పిచ్చి.

హాల్లో నాలుగు, పడకగదిలో రెండు, వరండాలో టార్పాలిన్ కింద మూడు. మా ఆవిడ హాల్లోవాటి మీద ఇస్త్రీ బట్టలు పెట్టేది. వరండావాటి మీద వడియాలు ఎండబెట్టేది. "ఇంటికొచ్చినోళ్ళు సోఫా లేదా అని అడుగుతున్నరు. ఉంది, డబ్బాల ఎనక ఉంది, పోయి కూసోండ్రి అంటున్న" అనేది.

పాత రేడియోలు, గ్రామఫోన్లు, ఇలాంటి మిషన్లు పోగుచేసేవాళ్ళం ఎనిమిదిమందిమి ఉన్నాం. ఫోనులో మాకో గ్రూపు. నేను పిన్‌బాల్ పని ఎందుకు మానేశానో వాళ్ళలో ఒక కథ ప్రచారంలో ఉండేది. మంచి పనివాళ్ళు కరువయ్యారని, ఒక ముసలాయన చుట్టిన కాయిల్ వల్ల మిషన్ కాలిపోయిందని, దాంతో నేను విరక్తి చెందానని. ఆ కథ నా నోటి నుంచి వచ్చిందే. అందులో నిజం లేదు. ఆ మాట వాళ్ళందరి ముందూ ఒప్పుకున్నాను గానీ, అప్పటికే కథ గ్రూపు దాటి ఎక్కడెక్కడికో పోయింది. అందుకని రాసి కూడా పెడుతున్నాను.

ఆ ముసలాయనది రెజిమెంటల్ బజార్‌లో వైండింగ్ షాపు. షాపంటే రెండు మంచాలు పట్టేంత గది. గోడ నిండా వేలాడే రాగి తీగ చుట్టలు, గదంతా వార్నిష్ వాసన. కాలిపోయిన ఫ్యాన్లకు, మిక్సీలకు, నీళ్ళ మోటార్లకు పాత తీగ పీకేసి కొత్త తీగ చుడతాడు. అందరూ ఉస్తాద్ అంటారు, నేనూ అంతే. పిన్‌బాల్ రెక్క లేవాలంటే దాని కింద బొటనవేలంత రాగి తీగ చుట్ట, కాయిల్, ఉండాలి. కొత్తవి ఇక్కడ దొరకవు. మొదటిసారి కాలిన కాయిల్ తీసుకుపోయి చూపించినప్పుడు ఉస్తాద్ అటూ ఇటూ తిప్పి, "ఏంది సార్ ఇది, చీమల ఇంట్ల ఫ్యానా?" అన్నాడు. మర్నాటికల్లా చుట్టి ఇచ్చాడు. వెంట్రుక కన్నా కాస్త లావు తీగ, వందల చుట్లు, ఒక్క వరస తప్పలేదు. ఆ తర్వాత ఏడెనిమిదేళ్ళు నా మిషన్లన్నీ ఆయన చేతి కాయిళ్ళతోనే గోళీని తన్నాయి.

మరి ఎక్కడ చెడింది? నాలో చెడింది. మొదట ఆడటం మానేశాను. బాగుచేసిన మిషన్‌ను ఒకసారి వెలిగించి, ఆర్పేసి, పక్కదాని మూత విప్పేవాణ్ణి. తర్వాత మూతలు విప్పి అలాగే వదిలేయడం మొదలైంది. గోళీ గంటకు తగిలిన చప్పుడు ఒకప్పుడు వినసొంపుగా ఉండేది, ఇప్పుడు పళ్ళు కొరికేట్టు చేసేది. ఆదివారం వస్తుందంటే శనివారమే నీరసం. ఆఫీసు ఫైళ్ళు హాయిగా అనిపించేవంటే నా పరిస్థితి అర్థం చేసుకోండి.

డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ఫోనులో చూసి తేల్చింది. "నాన్నా, దీన్ని బర్నవుట్ అంటరు. పది లక్షణాలు రాసిన్రు, నీకు ఎనిమిదున్నయ్."

"మిగిలిన రెండు?"

"ఆకలి కాకపోవుడు, నిద్ర పట్టకపోవుడు. గవి నీ జోలికి రావు."

మా ఆవిడ వంటింట్లోంచే అంది: "దానికి పేరెందుకే? ఇష్టం పోయింది, గంతే. ఇష్టం లేని పని ఎవరు చెయ్యమన్నరు మీ నాయనను?"

ఎవరూ చేయమనలేదు. అదే చిక్కు. ఊళ్ళో పిన్‌బాల్ అంటే ఈయనే అని నలుగురూ అంటుంటే, నాకు విసుగొచ్చిందని చెప్పడానికి నామోషీ. అందుకే బోయిన్‌పల్లిలో ఉండే మా గ్రూపు పెద్దాయన తన మిషన్ బాగుచేసి పెట్టమంటే కాదనలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో తాను ఆడిన మిషన్‌నే, క్లబ్బు మూసేసినప్పుడు తెచ్చుకున్నాడట. బల్ల మీది రంగుల బొమ్మలు కూడా చెక్కుచెదరలేదు. దానిక్కూడా కాయిల్ ఉస్తాదే చుట్టి ఇచ్చాడు. ఆదివారం పొద్దున గ్రూపంతా టిఫిన్‌కు వచ్చి ఆడాలని పెద్దాయన కోరిక.

శనివారం ఆయన ఇంట్లో చివరి పని చేస్తుంటే ఫ్యూజు పోయింది. ఇంకోటి పెట్టాను, అదీ పోయింది. మూడోదీ పోయింది. ఫ్యూజు ఊరికే పోదు, లోపల ఎక్కడో కరెంటు ఆగాల్సినచోట ఆగడం లేదని చెబుతుంది. రెక్క లేవగానే విడిపోవాల్సిన చిన్న ఇత్తడి పత్తీలు, అంటే స్విచ్చు రేకులు, విడిపోవడం లేదేమో చూడాలి. బల్ల ఎత్తి ఒక్కొక్కటీ వెతికితే గంట పని. నాకు తెలుసు. తెలిసీ, ఆ గంట నా వల్ల కాలేదు. పాత వైరులోంచి ఒక రాగి పోగు లాగి, చచ్చిన ఫ్యూజుకు చుట్టి బిగించాను. మన ఇళ్ళల్లో ఫ్యూజు పోతే అందరం చేసే పనే అది. ఇక లోపల ఎంత కరెంటు పారినా ఆ ఫ్యూజు పోదు. మిషన్ వెలిగింది. నేను ఇంటికి వచ్చి పడుకున్నాను.

ఆదివారం ఇడ్లీలు తింటూ అందరం ఆడాం. పది నిమిషాలయ్యాక కమురు వాసన వచ్చింది. అద్దం కింద పొగ కమ్ముకుంది. పెద్దాయన భార్య చట్నీ గిన్నెతో సహా వీధిలోకి పరుగెత్తింది. నేను ప్లగ్గు పీకి బల్ల ఎత్తేసరికి కాయిల్ నల్లగా కరిగి కారుతోంది. పైన బొమ్మల రంగు అరచేతి మేర పొక్కిపోయింది.

"ఏమైందయ్యా?" అన్నాడు పెద్దాయన.

"వైండింగ్‌లో ఏదో తేడా ఉన్నట్టుంది" అన్నాను. ఆలోచించి అన్నది కాదు. నోట్లో ముందుగా దొరికిన మాట అది.

గ్రామఫోన్లు పోగుచేసే మిత్రుడు వెంటనే అందుకున్నాడు. "ఉస్తాద్ చుట్టిందే గదా? ముసలాయన పనైపోయింది భయ్. కండ్లు కనవడ్తలేవు."

అందరూ కిటికీలు తెరిచే హడావుడిలో ఉండగా కాలిన కాయిల్, రాగి పోగు చుట్టిన ఫ్యూజు తీసి జేబులో వేసుకున్నాను. పొగ పోయాక అందరితో పాటు కూర్చుని మిగిలిన ఇడ్లీలు తిన్నాను. సాయంత్రం గ్రూపులో ఆ మిత్రుడి సందేశం: సన్న తీగ పని ఏదీ ఉస్తాద్‌కు ఇవ్వకండి. దాని కింద నేను సరేనన్నట్టు బొటనవేలు గుర్తు పెట్టాను.

సంగతి ఎవరి ద్వారానో తెలిసి ఉస్తాద్ ఫోన్ చేశాడు. "ఆ కాయిల్ జెర తెచ్చి చూపెట్టున్రి సార్. కాలిన తీరు చూస్తే తప్పు యాడుందో చెప్తా."

"పారేశాను ఉస్తాద్" అన్నాను. అది నా జేబులోనే ఉంది.

ఆ తర్వాత మిషన్ల మీద దుప్పట్లు కప్పేశాను. పనివాళ్ళు దొరకడం లేదన్న సాకు దొరికింది కదా! అడిగినవాళ్ళకు అడిగినట్టు ఏడు ఇచ్చేశాను, రెండు ఉంచుకున్నాను. సోఫా బయటపడింది. సాయంత్రాలు మౌలాలి గుట్ట దాకా నడిచేవాణ్ణి. ఒకరోజు ఊరికే ఒక మిషన్ వెలిగించి మా అమ్మాయితో ఆడి ఓడిపోయాను, నవ్వొచ్చింది. విసుగు నన్ను వదిలిపెట్టింది. ఆ హాయి ఎవరి నెత్తిన చెయ్యి పెట్టి సంపాదించుకున్నానో మాత్రం తలచుకోలేదు.

కొన్ని నెలలకు మా మిక్సీ కాలింది. మా ఆవిడ దాన్ని సంచిలో పెట్టి చేతికిచ్చి, "ఉస్తాద్ దగ్గరికే పోవాలె, ఇంకెవ్వరికి ఇయ్యొద్దు" అంది. తప్పలేదు.

ఉస్తాద్ సంచిలోకి చూసి తల అడ్డంగా ఊపాడు. "సీలింగ్ ఫ్యాన్లు, బోరు మోటార్లు, గంతే చేస్తున్న సార్. సన్న తీగ బంద్ చేసిన."

"ఎందుకు?"

"చేతులు ఖరాబైనయ్. మీ కాయిల్ కాలినప్పుడు సమజైంది. కండ్ల డాక్టర్ దగ్గరికి మూడుసార్లు పోయిన. కండ్లు మంచిగున్నయ్ అంటడు. కండ్లు మంచిగుంటే మరి గట్లెట్ల కాల్తది? అందుకే బంద్."

ఆయన ఆ మాట మామూలుగా, ఎండ ఎక్కువైందన్నట్టు చెప్పాడు. నేను మొత్తం చెప్పేశాను. ఫ్యూజు, రాగి పోగు, జేబు, బొటనవేలు గుర్తు, అన్నీ.

"ఫ్యూజు మీద తీగ చుట్టిన్రా? మీరు?" అన్నాడు.

"నేనే."

"నేను మూడుసార్లు పోయిన డాక్టర్ దగ్గరికి!" షాపు ముందు పోయేవాళ్ళు ఆగి చూశారు. నేను క్షమించమన్నాను. ఆయన చెయ్యి విదిలించాడు. "నా చెవుల చెప్తే ఏమొస్తది సార్? మీ గ్రూపోళ్ళందరి ముందల చెప్పున్రి. నేను సుత వచ్చి వింట."

వెంటనే పోలేకపోయాం. ఉస్తాద్ కొత్త కాయిల్ చుట్టి తీసుకుపోదామన్నాడు గానీ, చేతులు మొరాయించాయి. నిజం తెలిసినంత మాత్రాన భయం పోలేదు. మొదటిది సగంలో తెంపేశాడు. రెండోది పూర్తిచేసి, మీటరు పెట్టి చూసి, సరిగ్గా ఉన్నా నమ్మకం కుదరక తెంపేశాడు. నేను రోజూ ఆఫీసు నుంచి వచ్చి ఆ గదిలో ఓ మూల కూర్చునేవాణ్ణి. మూడోది చుట్టి, చూసి, కాగితంలో పొట్లం కట్టాడు.

బోయిన్‌పల్లిలో మళ్ళీ అందరూ చేరారు. చెప్పాను. గ్రామఫోన్ మిత్రుడు చాయ్ కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. పెద్దాయన తన కప్పు కింద పెట్టి నా వైపు తిరిగాడు.

"నా మిషన్ కాల్చింది నువ్వా?"

"అవును సార్."

"కాల్చినంక సుత కూసోని నాలుగు ఇడ్లీలు తిన్నవ్ గదయ్యా!"

ఎవరో నవ్వారు. ఉస్తాద్ నవ్వలేదు. బల్ల కింద దూరి నేను చూపించిన ఇత్తడి పత్తీలు సరిచేశాడు, కాయిల్ బిగించాడు, ఫ్యూజు తన చేత్తోనే పెట్టాడు. ఇన్నేళ్ళలో పూర్తి మిషన్‌ను ఆయన చూడటం అదే మొదలు. పెద్దాయన బటన్ నొక్కమంటే ఉస్తాద్ వెనక్కి తగ్గాడు. రెండోసారి అడిగాక నొక్కాడు. రెక్క లేచింది. మళ్ళీ నొక్కాడు. అరగంట సేపు ఆడాం. పొగ రాలేదు. ఉస్తాద్ మాత్రం బల్ల కింద చెయ్యి పెట్టి వేడి చూస్తూనే ఉన్నాడు.

అప్పుడు గ్రామఫోన్ మిత్రుడు తన సంచిలోంచి రేడియోలో వేసే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ తీశాడు. వేరే షాపులో ఇవ్వడానికని తెచ్చుకున్నాడట. "ఉస్తాద్, ఇది కాలిపోయింది. చాన సన్న తీగ. చూస్తరా జెర?"

ఉస్తాద్ దాన్ని అందుకున్నాడు. కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. కిటికీ దగ్గర నేను నిలబడి ఉన్నాను.

"ఈ సార్‌ను జెర జరగమనున్రి," అన్నాడు, "ఎల్తురు రానిస్తలేడు."

జరిగాను.