తిరుగుడు జల్లెడ

మా బోదె కింద రైతులందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో ఎప్పుడూ రెండే మాటలు వస్తాయి. నీళ్లొచ్చాయి, నీళ్లు రాలేదు. మొన్న ఎండాకాలం చివర్లో, కాలువలకు ఇంకా నీళ్లు వదలకముందే, పొద్దున్నే ఫోను మోగింది. ఈ ఎండల్లో నీళ్ల కబురేమిటా అని చూశాను. "తూము దగ్గర మావయ్యగారు తెల్లవారుజామున పోయారు" అని ఉంది. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అప్పుడు నేను గేదెల కొట్టం ఊడుస్తున్నాను. చీపురు పక్కన పెట్టాను. మళ్లీ తీసుకుని మిగిలింది కూడా ఊడ్చి, ఆ తర్వాతే వాళ్లింటికి వెళ్లాను.

ఆయన మాకు చుట్టం కాదు. దివిసీమలో మా ఊరికి వచ్చే కాలువ గట్టు మీద, మా బోదె మొదలయ్యే తూము పక్కన ఆయన ఇల్లు. ఉయ్యూరులో చెరకు మిల్లులో ఫిట్టరుగా చేసి, ఉద్యోగం అయిపోయాక ఊరొచ్చి ఉన్నారు. వయసులో పెద్దవాడు కాబట్టి అందరికీ మావయ్యే. మా మూడెకరాలు ఆ బోదెకి చిట్టచివర ఉంటాయి. నీళ్లు తూము దాటాయో లేదో తెలుసుకోవాలంటే ఆయన్నే అడగాలి. అలా మొదలైంది మా పరిచయం.

కాలువ నుంచి పొలాలకు నీళ్లు తెచ్చే చిన్న కాలువను మేము బోదె అంటాం. నీళ్లు వంతుల మీద వస్తాయి. వంతు అయిపోయి తూము మూసేశాక బోదెలో నీళ్లు మోకాళ్ల దగ్గర నుంచి మడమల దాకా దిగుతాయి. అప్పుడు ఆడవాళ్లం గంపలూ పాత చీరలూ పట్టుకుని దిగేవాళ్లం. కాలువలోంచి కొట్టుకొచ్చిన చేపలు గుంటల్లో ఆగిపోయి ఉండేవి. ఆ పూట ఊళ్లో సగం ఇళ్లలో పులుసు వాసన. కొనక్కర్లేని కూర అది.

మావయ్య కూడా దిగేవారు. ఆయన చేతిలో గంప ఉండదు, బకెట్టు ఉంటుంది. మేము వదిలేసిన వేలెడంత చేపపిల్లల్ని దోసిట్లో పట్టి, బకెట్టులో వేసి, గట్టు వెంట నడిచి కాలువలో వదిలివచ్చేవారు. ఆయనకు బకెట్టు మావయ్య అని పేరు పెట్టాం.

"ఏం మావయ్యా, అత్తయ్యకి కూరకి అంత చిన్నవా?" అని అడిగాను ఒకసారి.

"కూరక్కాదు అమ్మాయ్. ఇంటి దగ్గర దింపొస్తన్నా."

"చార్జీ ఎంత తీసుకుంటున్నారేంటి?"

"పిల్లలు గదా. సగం టిక్కెట్టే."

బోదెలో ఉన్నవాళ్లందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. బకెట్టు తొణక్కుండా నడవడం మీదే ఆయన ధ్యాసంతా.

ఒక ఏడాది సార్వా పంటకాలంలో మడికి పురుగు మందు కొట్టిన మర్నాడు ఆయన మా పొలం వైపు వచ్చారు. మడి మూలన నీళ్లు నిలిచిన చోట చేపపిల్లలు తెల్లగా తేలి ఉన్నాయి. చారెడు కాదు, గంపెడు. ఆ మందు కొట్టింది మా ఆయన. పక్కన నిలబడి డబ్బాలో నీళ్లు పోసింది నేను. మావయ్య చాలాసేపు చూశారు. ఏదైనా అంటే జవాబు చెబుదామని నేను మాటలు వెతుక్కుంటున్నాను. ఆయన వెనక్కి తిరిగి గట్టెక్కి వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి బందరు వెళ్లి జాలీ కొనుక్కొచ్చారు.

చేపలు లోపలికి రాకుండా తూము నోటికి ఆ జాలీ అడ్డంగా బిగించారు. మధ్యాహ్నానికి నాచూ గుర్రపుడెక్కా వచ్చి దాన్ని మూసేశాయి. మా చివరి పొలాలకు చుక్క రాలేదు. మా ఆయన వెళ్లి జాలీ పీకి గట్టు మీద పడేశాడు. పొట్లాట అవుతుందనుకుని నేనూ వెనకే పరిగెత్తాను. మావయ్య వంగి ఆ జాలీకి పట్టిన నాచును వేళ్లతో తీస్తూ ఉన్నారు.

"నువ్వు చేసింది కరెక్టేరా," అన్నారు. "జాలీ నిలబడి ఉంటే చెత్త గెలిచిద్ది. ఇది తిరగాలి."

ఆ తర్వాత రెండు మూడు నెలలు ఆయన గుడివాడ పాత ఇనుము కొట్ల చుట్టూ తిరిగారు. ఏదో ఒక ముక్క చంకన పెట్టుకుని బస్సు దిగేవారు. చివరికి తయారైంది ఈ తిరుగుడు జల్లెడ. నూనె పీపా అంత గుండ్రటి చట్రం, దాని చుట్టూ సన్నటి జాలీ. సగానికి పైగా నీళ్లలో మునిగి ఉంటుంది. పక్కన తెడ్ల చక్రం. బోదెలోకి వచ్చే నీళ్లే ఆ చక్రాన్ని తోస్తాయి, సైకిలు చైను ఆ తిరుగుడును పీపాకి అందిస్తుంది. పీపా చాలా నెమ్మదిగా తిరుగుతుంది. జాలీకి అంటిన ఆకూ నాచూ పైకెక్కి అవతలి వైపు పడిపోతాయి. నీళ్లు లోపల నుంచి వెళ్లిపోతాయి. చేప మాత్రం దాని ముందుకు వచ్చి, ఆగి, కాలువలోకి తిరిగిపోతుంది. కరెంటు లేదు, డీజిలు లేదు. ఒక లింకు దగ్గర చైను కొంచెం వంకర. అందుకని పీపా ఒక చుట్టు తిరిగేసరికి ఒక్కసారి టక్కుమనేది. ఆ లింకు మార్చమంటే, "ఉండనీ, మంచం మీద నుంచి వింటే తిరిగేది లేందీ తెలిసిద్ది," అనేవారు.

పసుపు పిడి స్క్రూడ్రైవరు ఒకటి ఎప్పుడూ ఆయన చొక్కా జేబులో ఉండేది. దాని మొన బేరింగు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవారు. మిల్లులో నేర్చుకున్న అలవాటట. ఏం వినపడుతుంది మావయ్యా అంటే, "నొప్పుంటే చెప్పిద్ది," అనేవారు.

జల్లెడ బిగించాక వచ్చిన మొదటి వంతులో మా పొలానికి నీళ్లు ఎప్పటిలాగే వచ్చాయి. వంతు అయ్యాక మేము తూముకి దగ్గరగా బోదెలో దిగాం. కూరకు సరిపడా చేప ఒక్కటి లేదు. ఖాళీ గంపలతో తూము దగ్గరికి వెళ్లి నిలబడ్డాం. ఇంట్లోంచి అత్తయ్య కూడా గంప పట్టుకుని వచ్చి మా పక్కనే నిలబడింది.

"మంది కూర మీద పడతారేంటండీ మీరు?" అంది ఆవిడే ముందు.

ఆయన తల గోక్కున్నారు.

జల్లెడ తీయించమని ఆడవాళ్లందరూ కలిసి ఇరిగేషన్ ఆఫీసులో అర్జీ పెట్టాలనుకున్నారు. నేను ఇంటరు చదివాను కాబట్టి రాయడం నా వంతయింది. కూర పోయిందని రాస్తే ఆఫీసులో నవ్వుతారు. అందుకని, జల్లెడ వల్ల చివరి భూములకు నీళ్లు అందడం లేదని రాశాను. అది అబద్ధం. చివరి భూమి నాదే. అందరిచేతా సంతకాలు, వేలిముద్రలు వేయించాను. తీసుకెళ్లేలోపే ఆయన మా ఇంటికి వచ్చారు.

"అర్జీ రాశావంట. ఏదీ, చూడనీ."

ఇవ్వకుండా ఉండలేకపోయాను. గుమ్మంలో వెలుతురుకి పట్టుకుని మెల్లగా మొత్తం చదివారు.

"నీళ్లు తగ్గినయ్యని రాశావు. తగ్గినయ్యా?"

ఆయన అర్జీ కిందికి దించి నా వైపు చూశారు.

"తగ్గినయ్యంటే ఇప్పుడే పీకేస్తా. తగ్గలేదంటే అది కొట్టేసి కూర తగ్గిందని రాయి. అదైతే నిజం. నేను కూడా సంతకం పెడతా."

ఆయన ఎదుటే కొట్టేసి రాశాను. నా పెన్నే తీసుకుని అందరి కింద సంతకం పెట్టారు. తన జల్లెడ మీద తనే సంతకం పెట్టిన అర్జీని ఏ ఆఫీసుకి తీసుకెళ్తాం? అది ఇప్పటికీ మా బీరువాలో చీరల కింద ఉంది.

ఆ తర్వాతి వంతు అయ్యాక, చేపలు ఉండవని తెలిసి కూడా అలవాటు కొద్దీ దిగి, ఈసారి బోదె చివర దాకా వెళ్లాం. బురదలో జెల్లలు, మట్టగిడసలు, జానెడు కొర్రమీను ఒకటి. గంపలు నిండాయి. వాటిని చూపించడానికే పనిగట్టుకుని తూము దాకా నడిచాం.

"మీ జల్లెడకి కన్నం పడింది మావయ్యా!"

ఆయన నీళ్లలోకి దిగి జాలీ అంతా తడిమి చూశారు. ఎక్కడా కన్నం లేదు. మా గంపల్లోకి ఒక్కో చేపనీ చూశారు. అప్పుడు అరచేత్తో నుదురు కొట్టుకున్నారు.

"ఇయ్యి కాలవ చేపలు కాదే. డ్రెయిను చేపలు. కింద నించి ఎదురెక్కినయ్యి. మర్చేపోయా!"

బోదె చివర మిగిలిన నీళ్లు ఒక గొట్టంలోంచి మురుగు డ్రెయినులో పడతాయి. కొత్త నీళ్లు తగిలితే డ్రెయినులో చేప ఆ గొట్టంలోంచి ఎదురీది ఎక్కుతుంది. ఈ సంగతి మా ఊళ్లో పలక పట్టని పిల్లలకి కూడా తెలుసు. అంత జల్లెడ చేసిన మనిషి దాన్ని మర్చిపోయారని ఊరంతా నెల రోజులు నవ్వుకుంది.

"కింద కూడా ఒకటి పెట్టాలి," అన్నారు ఆయన. ఆ మాట ఏటా అనేవారు. తొలి వంతు అయ్యాక మేము గంపలతో ఆయన ఇంటి ముందు నుంచి వెళ్తూ, "మావయ్యా, కింద జల్లెడేదీ?" అని అరిచేవాళ్లం. "అయ్యో, ఈ ఏడు కూడా మర్చిపోయానే," అని అరుగు మీద నుంచి జవాబు వచ్చేది. ఏ బోల్టు ఏ కొట్లో కొన్నారో ఏళ్ల తర్వాత కూడా చెప్పగలిగిన మనిషి. అలాంటి మనిషి దీన్ని ఏటా మర్చిపోవడం మాకు ఎప్పుడూ వింతగా తోచలేదు.

ఒకరోజు మాత్రం, పీపా ముందు ఆగి వెనక్కి తిరుగుతున్న చేపపిల్లల్ని చూపిస్తూ అన్నారు. "ఇయ్యి పాపం కొట్టుకొస్తయ్యి అమ్మాయ్. ఎటు పోతన్నయ్యో వాటికి తెలవదు. డ్రెయిను చేప అట్టా కాదు. అది తనంతట తను ఎక్కిద్ది." ఆ మాటను అక్కడికే వదిలేశాను. ఇంటికి వెళ్లి గేదెలు పిండాలి.

జల్లెడ వల్ల కాలువలో చేపలు పెరిగాయా అంటే నాకు తెలియదు. వంతెన మీద గేలాలు వేసుకుని కూర్చునేవాళ్లు మళ్లీ కనిపిస్తున్నారు.

చివరిసారి ఆయన్ను బందరు ఆసుపత్రిలో చూశాను. చేతికి సూది, జేబు లేని చొక్కా.

"కాలవలు వదిలారా?"

"ఇంకా లేదు మావయ్యా."

"వదిలేలోపే జల్లెడ దింపాలి. నీళ్లొచ్చాక దింపితే మొదటి చేపపిల్లంతా లోపలికి పోయిద్ది."

"మీరొచ్చాక దింపుదాం," అన్నాను. ఆయన తలుపు వైపు చూశారు. నేను దింపుతాను అని అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఆ ఒక్క మాట చెప్పకుండానే బస్సెక్కి వచ్చేశాను.

పెద్దదినం అయిన మర్నాడు గ్రూపులో ఎవరో పెట్టారు. జల్లెడ ఇక ఎవరు చూస్తారు, తిరక్కపోతే నీళ్లాగిపోతాయి, ఈ ఏడు దింపొద్దు అని. నలుగురు సరే అన్నారు. వాళ్లనూ తప్పు పట్టలేను. "నేను చూసుకుంటాను. ఒక్క వంతులో నీళ్లు తగ్గినా నేనే పీకేస్తాను" అని రాసి పంపాను. మా ఆయన తన ఫోనులో అది చదివి నా వైపు చూశాడు. "దింపేటప్పుడు తాడు నేను పట్టుకుంటాలే," అన్నాడు.

గ్రీజు డబ్బా కోసం వాళ్లింటికి వెళ్తే అత్తయ్య వెనక పాక చూపించింది. చీకటి మూలలో, గోనె పట్టా కింద గుండ్రంగా ఏదో ఉంది. పట్టా తీశాను. రెండో పీపా. చిన్నది, డ్రెయిను గొట్టం కొలతకి సరిగ్గా చేసినది. ఆకుపచ్చ రంగు వేసి ఉంది. జాలీకి నీటి మరక లేదు. వేలితో తోస్తే చప్పుడు లేకుండా తిరిగింది. బేరింగులో గ్రీజు కొత్తది.

"ఇదెప్పటిది అత్తయ్యా?"

"పెద్దదాంతో పాటే చేశారు. ఏటా గ్రీజు పెట్టి మళ్లీ కప్పేసేవాళ్లు."

"మరి బిగించలేదేంటి?"

"అడిగితే మర్చిపోయాననేవాళ్లమ్మా."

ఆవిడ ఆ మాట మామూలుగానే అంది. నేను పట్టా మళ్లీ కప్పేశాను. వస్తుంటే పసుపు పిడి స్క్రూడ్రైవరు తెచ్చి చేతిలో పెట్టింది.

నీళ్లు రావడానికి ముందు రోజు పెద్ద జల్లెడను దింపాం. మర్నాడు కాలువ ఎర్రగా వచ్చింది. తెడ్లు కాసేపు వణికి, కదిలాయి. పీపా తిరగడం మొదలుపెట్టింది. టక్కుమనే చోట టక్కుమంది. గ్రూపులో "నీళ్లొచ్చాయి" అని పెట్టాను.

మా ఆయన వెళ్లిపోయాక గట్టు మీద కూర్చుని స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను. నొప్పుంటే చెబుతుందన్నారు. ఆయనకి ఎలా వినపడేదో, ఏది నొప్పో, నాకు తెలియదు. నాకు నీళ్ల చప్పుడే వినపడింది. మధ్యలో ఒక్కో టక్కు. కళ్లు మూసుకుని, ఇంకా కాసేపు అలాగే పెట్టుకున్నాను.